క్రానికల్ అంటే చిట్టా

ప్రశ్న:

మాస్టారూ, నమస్తే. మాది గుంటూరు. బీకామ్ తెలుగు మీడియంలో చదివి, పదేళ్ళుగా ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో అకౌంట్స్ చూస్తున్నాను. పోయిన నెల నడుం నొప్పికి రెండు రోజులు సెలవు కావాలని మా చిన్న ఓనర్‌గారికి మెయిల్ పెట్టాను. అందులో 'ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ క్రానికల్ బ్యాక్ పెయిన్' అని రాశాను. ఆయన సెలవు ఇచ్చారు గానీ, నేను తిరిగి డ్యూటీకి వెళ్ళిన రోజు అందరి ముందూ 'మీ నడుం నొప్పి ఏ పేపర్లో పడిందమ్మా?' అన్నారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక ఏడుపొచ్చింది. డాక్టర్లు కూడా అదే మాట అంటారు కదా మరి?

ఇంకొకటి. వచ్చే ఏడాది మా నాన్నగారికి సహస్ర చంద్ర దర్శనం చేద్దామనుకుంటున్నాం. ఆయన ప్రత్తిపాడు దగ్గర మా పల్లెలో మిర్చి, పత్తి వేసిన రైతు. ఎరువుల కంపెనీల వాళ్ళు జనవరిలో ఇచ్చే డైరీల్లో 1974 నుంచి ఒకటి రెండు ముక్కలు రాస్తూ వచ్చారు. వాటిని పుస్తకంగా వేసి వచ్చిన వాళ్ళకి పంచాలని మా అన్నయ్య ఆలోచన. ఇంగ్లిష్‌లో 'ఎ ఫ్యామిలీ క్రానికల్' అని పేరు పెడదామంటాడు. బాబాయేమో 'అది పేపర్ వాళ్ళ పేరు, కేసు వేస్తారు' అంటున్నాడు. వదిన చివర ఎస్ పెట్టి 'క్రానికల్స్' అంటే స్టైల్‌గా ఉంటుందంటోంది. అన్నయ్య ఆ రాతల్ని పెళ్ళిళ్ళు ఒకచోట, పంటలు ఒకచోట, ఊరి సంగతులు ఒకచోట సర్ది, ఖాళీలున్న చోట నాన్నని అడిగి నింపాలంటున్నాడు. ప్రతి ఏడూ ఫిబ్రవరి, మార్చి పేజీలు చాలావరకు ఖాళీయే. 1984 జనవరి పేజీ మాత్రం గవర్నమెంట్ సంగతి, తీసేద్దామంటున్నాడు. టైప్ చేయాల్సింది నేనే. కొన్ని పేజీలు ఫోటో తీసి పంపుతున్నాను. అసలు ఈ మాటకి అర్థమేంటి, ఎక్కడ వాడాలి, మా పుస్తకానికి నప్పుతుందా, చెప్పండి.

గుంటూరు నుంచి ఒక సోదరి

సమాధానం:

అమ్మా,

ముందు ఆ నవ్వుల సంగతి తేల్చేద్దాం. ఇంటర్లో చేరడానికి పల్లె నుంచి బెజవాడ వచ్చిన కొత్తల్లో, ఇంగ్లిష్ క్లాసులో పాఠం పైకి చదవమంటే నేను ఈ మాటనే 'చ్రోనికిల్' అని చదివాను. సి-హెచ్ కనబడితే 'చ' అనమనే కదా మనకి నేర్పింది! క్లాసంతా గొల్లుమంది. మా లెక్చరర్‌గారు మాత్రం నవ్వలేదు. 'ఏరా, స్చూల్లో చదువుకుని వచ్చావా? తిన్నది స్టమచ్‌లోకి పోతుందా?' అని అడిగి, స్కూల్, స్టమక్, కెమిస్ట్రీ, క్యారెక్టర్, క్రిస్మస్ అని బోర్డు మీద వరసగా రాశారు. ఇవన్నీ గ్రీకు మూలం ఉన్న మాటలు, వీటిలో సి-హెచ్‌ని 'క' అనాలి అన్నారు. అప్పుడు నవ్విన వాళ్ళలో కూడా సగం మందికి ఆ సంగతి తెలియదని వాళ్ళు నోట్సులో ఎక్కించుకుంటుంటే అర్థమైంది.

మీరు చేసిన తప్పు నా తప్పుకంటే చాలా చిన్నది, పైగా దాని వెనక లాజిక్ ఉంది. డాక్టర్‌గారు అనేది 'క్రానిక్'. అక్కడితో ఆగిపోతారు. మన నోరు ఆగదు. క్లినిక్ ఉంది, క్లినికల్ ఉంది. మ్యూజిక్ ఉంది, మ్యూజికల్ ఉంది. మెడికల్, సర్జికల్, కెమికల్ అని ఆసుపత్రి గోడల నిండా 'కల్'లే. అందుకని క్రానిక్ కూడా క్రానికల్ అయిపోతుంది. గవర్నర్‌పేటలో మందుల షాపు ముందు పావుగంట నిలబడితే ఈ 'క్రానికల్ గ్యాస్', 'క్రానికల్ దగ్గు' ఎంతమంది నోట వస్తాయో వినొచ్చు. మీ చిన్న ఓనర్‌గారికి చెప్పదగ్గ ముక్క ఇంకొకటి కూడా ఉంది. ఒకప్పటి ఇంగ్లిష్‌లో క్రానిక్ అనే అర్థంలోనే 'క్రానికల్' అనే మాట, చివర ఏ-ఎల్‌తో, నిజంగానే ఉండేది. 1828 నాటి వెబ్‌స్టర్ డిక్షనరీలో అది కనిపిస్తుంది. ఇప్పుడు వాడుకలో లేదు. కాబట్టి మీరు రాసింది తప్పే, కానీ రెండు వందల ఏళ్ళు ఆలస్యంగా రాసినందువల్ల తప్పయింది.

ఇవాళ ఇంగ్లిష్‌లో మిగిలిన క్రానికల్ చివర ఎల్-ఈ ఉంటుంది. దానికి రోగంతో సంబంధం లేదు. పలకడంలో రెండూ ఒకటే కాబట్టే ఇన్ని తిప్పలు.

రెండు మాటలకీ తల్లి ఒకటే. గ్రీకులో 'క్రోనోస్' అంటే కాలం. కాలం పట్టి పీడించే జబ్బు క్రానిక్. కాలం వెంట నడుస్తూ రాసుకున్న రాత క్రానికల్. ఇక్కడే ఇంకో చిక్కు ఉంది. క్రానిక్ అంటే చాలామంది 'సీరియస్' అనుకుంటారు. కాదు. ఎక్కువ కాలంగా ఉన్నది అని మాత్రమే. దానికి ఎదురుమాట అక్యూట్, అంటే ఈమధ్యే ఉన్నట్టుండి వచ్చింది. అపెండిసైటిస్ నొప్పి అక్యూట్, ప్రాణం మీదికి తెస్తుంది. పాతికేళ్ళుగా ఉన్న మోకాళ్ళ నొప్పి క్రానిక్, మనిషి దాంతోనే తిరుగుతుంటాడు. డాక్టర్ల లెక్కలో నొప్పి మూడు నెలలు దాటితే క్రానిక్. మీ నడుం నొప్పి పదిహేను రోజులనాటిదే అయితే మెయిల్లో ఆ మాట కూడా అక్కర్లేదు. 'సివియర్ బ్యాక్ పెయిన్' అంటే సరిపోయేది. మూడు నెలలు దాటిందంటే మాత్రం మెయిల్ సంగతి తర్వాత, ముందు డాక్టర్‌కి చూపించుకోండి. ఆఫీసులో కుర్చీ కూడా మార్పించుకోండి.

ఇక అసలు మాట. డిక్షనరీ తీస్తే 'జరిగిన సంగతులను కాలక్రమంలో రాసిన వృత్తాంతం' అని ఉంటుంది. చదివాక ఏమీ మిగలదు. మీరు బీకామ్ తెలుగు మీడియం అన్నారు కాబట్టి నా పని తేలికైంది. మీకు చిట్టా, ఆవర్జా తెలుసు. ఏ రోజు లావాదేవీ ఆ రోజు, జరిగిన వరసలో ఎక్కించేది చిట్టా. పొద్దున ఫలానా రైతు 60 టిక్కీలు (మిర్చి బస్తాలు) దించాడు, పదింటికి హమాలీ కూలి ఇచ్చాం, మధ్యాహ్నం కరెంటు బిల్లు కట్టాం, సాయంత్రం ఇంకో రైతు బాండ్ విడిపించుకున్నాడు. ఒకదానికీ ఇంకోదానికీ సంబంధం లేదు, తేదీ ఒక్కటే వాటిని కలిపే దారం. తర్వాత అందులోంచి తీసి ఏ రైతు ఖాతా వాడికి, ఏ ఖర్చు ఆ పద్దుకి విడగొట్టి రాసేది ఆవర్జా. అది చూస్తే ఎవరు ఎంత బాకీ, ఎక్కడ నష్టం అని తెలుస్తుంది.

క్రానికల్ చిట్టా. హిస్టరీ ఆవర్జా. నాకు తెలిసి ఇంతకంటే దగ్గరి పోలిక లేదు. హిస్టరీ రాసేవాడు వెనక్కి తిరిగి చూసి, ఇది దీనివల్ల జరిగింది, అది ముఖ్యం, ఇది కాదు అని తేలుస్తాడు. క్రానికల్ రాసేవాడికి ఆ పని లేదు. రేపేం జరుగుతుందో తెలియకుండానే ఇవాళ్టిది రాసి పుస్తకం మూసేస్తాడు.

అయితే మీ కోల్డ్ స్టోరేజీ రిజిస్టర్‌ని క్రానికల్ అంటారా? అనరు. తేదీల వరస ఉన్నా అందులో కథనం లేదు, అంకెలే. దాన్ని రికార్డ్ అనో రిజిస్టర్ అనో అంటారు. వరస తేదీలదీ, రాసింది సంగతులదీ అయితేనే క్రానికల్.

ఇంగ్లిష్ వాళ్ళకి ఈ మాట వినగానే గుర్తొచ్చేది ఆంగ్లో-సాక్సన్ క్రానికల్. 9వ శతాబ్దం చివర్లో, ఆల్‌ఫ్రెడ్ రాజు కాలంలో మొదలైంది. అప్పటి పండితుల భాష లాటిన్ అయినా దీన్ని జనం మాట్లాడే పాత ఇంగ్లిష్‌లోనే రాశారు. ప్రతులు తీసి మఠాలకి పంపితే, ఎక్కడికక్కడ సన్యాసులు కొత్త సంవత్సరాలు కలుపుకుంటూ పోయారు. పీటర్‌బరోలోని మఠంలో అది 1154 దాకా సాగింది. చాలా పద్దులు 'హెర్' అనే చిన్న మాటతో మొదలవుతాయి. అంటే 'ఇక్కడ', మన మాటల్లో 'ఈ ఏట'. ఈ ఏట ఫలానా రాజు పోయాడు, ఈ ఏట ఓడల మీద దొంగలొచ్చారు. 1066లో ఇంగ్లండ్ తలరాతే మారిపోయింది, నార్మన్లు గెలిచి గద్దెనెక్కారు. ఆ ఏటి పద్దులో యుద్ధాలతో పాటు ఆకాశంలో జుట్టున్న చుక్క కనపడిందని కూడా రాశారు. అది హేలీ తోకచుక్క.

మీరు పంపిన ఫోటోల్లో 1986 పేజీ చూసి నేను కుర్చీలోంచి లేచి మా ఆవిడకి చదివి వినిపించాను. 'తోకచుక్క కోసమని తెల్లారగట్ల లేచి డాబా ఎక్కాం. ఏమీ కనపడలా. మందు కొట్టాలి, పురుగుంది.' అదే చుక్కమ్మా! 76 ఏళ్ళకోసారి అటూ ఇటూగా వచ్చి పోయేది. ఆ సన్యాసికి కనపడింది, మీ నాన్నగారికి కనపడలేదు. ఇద్దరూ రాసిపెట్టారు.

ఆ ఇంగ్లిష్ పుస్తకంలో నాకు బాగా నచ్చేది మరొకటి ఉంది. కొన్నిచోట్ల సంవత్సరం అంకె వేసి, పక్కన ఏమీ రాయకుండా వదిలేశారు. వరసగా అంకెలే ఉంటాయి, ఎదురుగా ఖాళీ. ఏమీ జరగలేదో, రాసేవాడికి కబురు అందలేదో, రాసేవాడే లేడో. తర్వాత వచ్చినవాడు ఆ అంకెని కొట్టెయ్యలేదు.

అందుకని అన్నయ్య ఆ ఖాళీలు నింపుతానంటే నాకు మనసొప్పడం లేదు. మీరే రాశారు కదా, ప్రతి ఏడూ ఫిబ్రవరి, మార్చి పేజీలు చాలావరకు ఖాళీగా ఉన్నాయని. మిర్చి రైతు ఇంట్లో పుట్టిన దానికి మీకు చెప్పాలా? అది కోతలు, కల్లాల కాలం. పగలంతా ఎండుకాయలు తిరగేసి, తాలు ఏరి, వేళ్ళు మండిపోతుంటే రాత్రి పెన్ను ఎవరు పట్టుకుంటారు? ఆ ఖాళీ కూడా ఒక రాతే. ఇప్పుడు 80 ఏళ్ళ వయసులో ఆయన్ని కూర్చోబెట్టి '1981 మార్చిలో ఏం జరిగింది నాన్నా' అంటే, మీ మొహం చూసి ఏదో ఒకటి చెబుతారు. అది క్రానికల్ కాదు, జ్ఞాపకం. ఇంగ్లిష్‌లో దాన్ని మెమాయిర్ అంటారు. అది మంచిదే, కానీ దాని ఖాతా వేరు. ఆయన చెప్పేవి రాసుకోండి, వదలొద్దు. పేజీ అడుగున వేరే అక్షరాల్లో 'తర్వాత చెప్పింది' అని వేయండి. అప్పుడు రాసిన ముక్కనీ, ఇప్పుడు చెప్పిన ముక్కనీ కలపొద్దు.

విషయాల వారీగా సర్దడం గురించి కూడా ఇదే మాట. చిట్టాని చింపి ఆవర్జా చేసినట్టవుతుంది. 1977 నవంబరు పేజీ చూడండి. '19 శనివారం. రాత్రంతా గాలి. కొట్టం రేకు లేచిపోయింది. రేడియో పలకలా.' మర్నాడు: 'రేకు దొరికింది. మేకులు కావాలి.' ఆ తర్వాత మూడు రోజులకి: 'దివిసీమలో ఊళ్ళకి ఊళ్ళు లేవంట.' అన్నయ్య పద్ధతిలో అయితే రేకు సంగతి 'ఇల్లు' కింద, ఉప్పెన సంగతి 'ఊరి విశేషాలు' కింద పోతాయి. అప్పుడు ఒక మనిషి తన రేకు కోసం వెతుక్కుంటున్న వేళకే, నలభై యాభై మైళ్ళ అవతల వేలమంది పోయారని, ఆ సంగతి అతనికి మూడు రోజుల దాకా తెలియదని ఎలా కనపడుతుంది? తేదీల వరసలోనే అది ఉంది. వరస చెడితే పోతుంది. పెళ్ళిళ్ళు వెతుక్కునే చుట్టాల కోసం పుస్తకం చివర ఒక పట్టిక వేసి, ఏ పెళ్ళి ఏ పేజీలో ఉందో నంబరు ఇవ్వండి. మీకు ఖాతా పుట వేయడం వేరే నేర్పాలా?

మీ ఇంటి దగ్గర ఏ చర్చి పక్కనుంచి పోయినా ఈ మాటకి మన వాళ్ళు ఎప్పుడో చేసిన మంచి అనువాదం వినొచ్చు. బైబిల్ పాత నిబంధనలో ఫస్ట్ క్రానికల్స్, సెకండ్ క్రానికల్స్ అని రెండు పుస్తకాలున్నాయి. తెలుగు బైబిల్‌లో వాటి పేరు 'దినవృత్తాంతములు'. హీబ్రూలో ఆ పుస్తకాల పేరుకి అర్థం 'దినాల సంగతులు'. చూశారా, తెలుగు పేరు ఇంగ్లిష్ కంటే మూలానికి దగ్గరగా ఉంది. 'క్రానికల్' అనే పేరు రావడానికి దారి వేసింది 4వ శతాబ్దంలో బైబిల్‌ని లాటిన్ చేసిన జెరోమ్.

అదే బైబిల్‌లో ఎస్తేరు కథలో ఒక రాత్రి రాజుకి నిద్ర పట్టదు. రాజ్యపు సమాచార గ్రంథం తెప్పించి చదివించుకుంటాడు. ఇంగ్లిష్‌లో అక్కడ ఉన్న మాట కూడా క్రానికల్సే. వింటుంటే, తన మీద జరిగిన కుట్రని మొర్దెకై అనే అతను బయటపెట్టాడని, అతనికి ఏ బహుమానమూ ఇవ్వలేదని బయటపడుతుంది. చిట్టా తీస్తే బాకీ బయటపడినట్టే.

మన దగ్గర ఈ పని చేసింది కరణాలు, అంటే ఊరి లెక్కలు రాసేవాళ్ళు. ఊరి సంగతులు, మాన్యాలు, ఎవరి ఏలుబడిలో ఏం జరిగింది అనేవి దండకవిలెలు అనే ఊరి పుస్తకాల్లో రాసి ఉంచేవాళ్ళు. కాలిన్ మెకంజీ అనే సర్వేయర్ దొర, అమరావతి స్తూపం బొమ్మలు గీయించినాయన, 1815లో మొదటి సర్వేయర్ జనరల్ ఆఫ్ ఇండియా అయ్యాడు. ఆయన కావలి సోదరుల్లాంటి తెలుగు వాళ్ళని ఊరూరికీ పంపి ఈ స్థానిక చరిత్రలు రాయించి తెప్పించాడు. వాటినే కైఫీయత్తులు అంటాం. మన గుంటూరు ప్రాంతం ఊళ్ళవి బోలెడున్నాయి. ఎవరైనా క్రానికల్‌కి తెలుగు మాట చెప్పమంటే నేను 'చరిత్ర' అనను. పాతకాలపు రాతకైతే కవిలె అంటాను, ఇంటి రాతకైతే చిట్టా అంటాను.

క్రానికల్‌లో ఉంది కాబట్టి నిజమే అనుకోవద్దు. మీ పక్కనే కొండవీడు ఉంది. కృష్ణదేవరాయలు దాన్ని 1515లో పట్టుకున్నాడు. ఆ ముట్టడి గురించి నూనిజ్ అనే పోర్చుగీసు గుర్రాల వ్యాపారి రాశాడు. ఆయన రాతని ఇంగ్లిష్‌లో విజయనగర రాజుల క్రానికల్ అనే పిలుస్తారు. రాబర్ట్ సూయల్ దాన్ని ఇంగ్లిష్ చేసి 1900లో అచ్చు వేయించాడు. కానీ నూనిజ్ విజయనగరంలో ఉన్నది 1535 ప్రాంతంలో. అంటే 20 ఏళ్ళ తర్వాత విన్నది రాశాడు. సైన్యాల లెక్కలు లక్షల్లో వేశాడు. కొండవీడు పడిన తేదీ కావాలంటే మంగళగిరి శాసనం చూడాల్సిందే. రాసినవాడు ఎంత దగ్గరున్నాడు, ఎన్నాళ్ళకి రాశాడు అని ఏ క్రానికలర్‌నైనా అడగాలి. ఆ పరీక్షలో మీ నాన్నగారికి నూనిజ్ కంటే ఎక్కువ మార్కులు పడతాయి.

కొండవీడు మాటెత్తాను కాబట్టి పక్కదారి ఒకటి. ఇదే కుటుంబంలో 'అనాక్రనిజం' అనే మాట ఉంది. ఒక కాలం వస్తువుని ఇంకో కాలంలో పెట్టడం. 12వ శతాబ్దం నాటి పల్నాటి యుద్ధం మీద నాటకం వేసి, అందులో నాయకురాలి చేత మిరపకాయ కారం నూరిస్తే అది అనాక్రనిజం. మిరప మనదే అనుకుంటాం, గుంటూరు వాళ్ళమైతే మరీనూ. కానీ అది అమెరికా ఖండాల మొక్క. పోర్చుగీసు ఓడలొచ్చాకే మన నేల చూసింది. అప్పటిదాకా మనకి కారమంటే మిరియాలే.

వాడుక దగ్గరికి వద్దాం. క్రానికల్ నామవాచకమూ అవుతుంది, క్రియ కూడా అవుతుంది. 'ది బుక్ క్రానికల్స్ ఎ ఫార్మర్స్ లైఫ్' అంటే ఆ పుస్తకం ఒక రైతు బతుకుని వరసగా చెబుతుంది అని. 'హి క్రానికల్డ్ ఎవ్రీ సైక్లోన్' అంటే వచ్చిన ప్రతి తుఫానునీ రాసిపెట్టాడు. మనవాళ్ళు ఎక్కువగా జారేది ఒకచోట. 'గురించి' అనే మన అలవాటుతో 'క్రానికల్స్ అబౌట్' అనేస్తారు. క్రియ అయినప్పుడు 'అబౌట్' వద్దు, కర్మ నేరుగా రావాలి. అలాగే ఒక్క రోజు సంగతికి ఈ మాట వాడరు. 'నిన్నటి మీటింగ్ క్రానికల్ చేశాను' అంటే నవ్వుతారు, ఈసారి న్యాయంగానే. అది రిపోర్ట్, లేదంటే మినిట్స్. కొంత కాలం సాగిన దానికే క్రానికల్. ఇంకా చెప్పాలంటే ఇది రాతలో మాట. కబుర్లలో ఇంగ్లిష్ వాళ్ళు కూడా పెద్దగా వాడరు. తేదీల వరసలో అని ఆఫీసు మెయిల్లో రాయాల్సి వస్తే 'ఇన్ క్రనొలాజికల్ ఆర్డర్' అనండి, మీకు రోజూ పనికొచ్చేది అదే.

బాబాయిగారి భయం గురించి. దక్కన్ క్రానికల్ 1938 నుంచి ఉంది. అంతకంటే ముందే, 1865లో, అమెరికాలో శాన్ ఫ్రాన్సిస్కో క్రానికల్ మొదలైంది. రోజువారీ సంగతులు వరసగా రాసేది కాబట్టి పేపర్‌కి ఆ పేరు నప్పింది, ఎవరికి వాళ్ళు పెట్టుకున్నారు. మాట ఎవరి సొత్తూ కాదు. మన దగ్గర 'పత్రిక' అనే మాట ఎన్ని పేపర్ల పేర్లలో లేదు? మీరు అదే పేరుతో పేపర్ పెడితే రిజిస్ట్రేషన్ గొడవ వస్తుంది. సహస్ర చంద్ర దర్శనానికి పంచే పుస్తకానికి ఎవరూ రారు. బాబాయిగారిని నిశ్చింతగా భోజనం చేయమనండి.

వదినగారి ఎస్ వద్దు. ఎస్ పెడితే అనేక క్రానికల్స్ అని అర్థం, లేదా భాగాలు భాగాలుగా వచ్చే కథ. ఈమధ్య మంత్రాలు, రాజ్యాలు ఉండే సినిమాలకీ, 'హాస్టల్ క్రానికల్స్', 'కిచెన్ క్రానికల్స్' అని రీల్స్‌కీ సరదాగా పెడుతున్నారు. వదినగారి చెవికి స్టైల్‌గా అనిపించింది అందుకే. మీ దగ్గర డైరీలు యాభై ఉన్నా చెయ్యి ఒకటే.

అన్నయ్య పెట్టిన పేరులో నాకు అభ్యంతరం క్రానికల్ దగ్గర కాదు, ఫ్యామిలీ దగ్గర. మీరు పంపిన పన్నెండు పేజీల్లో కుటుంబం రెండు చోట్లే ఉంది. మిగతాదంతా వాన, పురుగు, మిర్చి రేటు, ఊళ్ళో పోయినవాళ్ళు. ఆఖరికి 2024 సెప్టెంబరులో, గుంటూరులో మీ ఇంట్లో టీవీ ముందు కూర్చుని కూడా ఆయన రాసింది 'బ్యారేజీ 11.43' అనే. 11 లక్షల 43 వేల క్యూసెక్కులు, ప్రకాశం బ్యారేజీకి అంత వరద ఎప్పుడూ రాలేదు. బెజవాడలో బుడమేరు నీళ్ళు ఇళ్ళలోకి వచ్చిన రోజులవి, మేం డాబాల మీద ఉన్నాం. ఆయన అంకె వేసి ఊరుకున్నారు. 'డైరీ' అనడం కూడా నాకు అంతగా నచ్చడం లేదు, ఎక్కడా తన మనసులో మాట రాసుకోలేదు కదా. ఇంగ్లిష్ పేరే కావాలంటే 'ఎ ఫార్మర్స్ క్రానికల్' అనండి. నన్నడిగితే అట్ట మీద 'నాన్నగారి చిట్టా' అని పెద్దగా వేసి, ఇంగ్లిష్ పేరు కింద చిన్నగా వేయండి. చిట్టా అనగానే తమ అప్పులేమైనా బయటపడతాయేమోనని చుట్టాలు ఒక్క పేజీ వదలకుండా చదువుతారు.

1984 జనవరి పేజీ గురించి ఒక మాట. అన్నయ్య దాన్ని 'గవర్నమెంట్ సంగతి' అని తీసేద్దామన్నాడని రాశారు, తీయొద్దు. 'కరణీకాలు రద్దంట' అని ఉంది. ఆ కింద లైనులో 'కరణంగారి అరుగు మీంచి' తర్వాత ఒక మాట మడతలో పడి ఫోటోలో సరిగా రాలేదు. ఆ తర్వాత 'బండికెత్తారు' అని ఉంది. అది 'కవిలెలు' అని నా అనుమానం. డైరీ విప్పి పట్టుకుని ఆ పేజీ ఒక్కటి మళ్ళీ ఫోటో తీసి పంపండి, ఎక్కడికి తోలుకెళ్ళారో నాన్నగారిని అడిగి రాయండి.